అంచనాలో లేని తండ్రి

శనివారం పొద్దున్నే నెకేసా పాలు ఎక్కువ పోసి టీ కాచుకుంది. కిటికీ పక్కన కూర్చుని, ఆ నెల ఖర్చుల కాగితంలో ఆ రోజు భోజనానికి ఎదురుగా సున్నా వేసి, తృప్తిగా ఒక గుటక తాగింది. కుమాసీ నగరంలో శనివారం మధ్యాహ్నం భోజనానికి డబ్బులు పెట్టేవాళ్ళు ఒట్టి అమాయకులని ఆమెకు వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది.

ఖర్చుల అంచనా వెయ్యడం నెకేసా వృత్తి. రోడ్డుకైనా వంతెనకైనా ఎంతవుతుందో కూర్చున్నచోటే చెప్పగల ఇంజినీరు. కెన్యాలోని బుంగోమా నుంచి ఘానాలోని కుమాసీకి ఒంటరిగా ఉద్యోగానికి బయల్దేరే ముందు తన బతుక్కి కూడా అలాంటి అంచనాయే వేసుకుంది. అద్దె, బియ్యం, బస్సు చార్జీలు, అమ్మకు ఫోన్లు, మలేరియా వస్తే మాత్రలు, చీపురు అరిగితే కొత్త చీపురు, అన్నీ ఉన్నాయి అందులో. అది చూసి పెద్దన్నయ్య పెదవి విరిచాడు.

"అక్కడ నీకెవరున్నారే? జ్వరమొస్తే ఈ కాగితం గంజి కాచి పెడుతుందా? మూడు నెలల్లో తిరిగొచ్చి నా ఇనప సామాన్ల కొట్లో మేకులు తూస్తావు చూడు!"

"వస్తే అలాగే తూస్తాను. నువ్వు మాత్రం నా కోసం స్టూలు వెయ్యకు, దుమ్ము పడుతుంది" అని విమానమెక్కింది నెకేసా.

అంచనాలో తప్పు ఒక్కటే దొర్లింది, అదీ పునాదిలో. అద్దె నెలకు ఆరు వందల సెడీలని ఆమె సరిగ్గానే రాసుకుంది. కుమాసీలో ఇంటివాళ్ళు రెండేళ్ళ అద్దె ఒక్కసారే ముందు పుచ్చుకుంటారన్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుమాసీ వాళ్ళకు అది నీళ్ళు పల్లానికి పారినంత మామూలు విషయం, చెప్పాలని ఎవరికి తోస్తుంది? కంపెనీ గెస్ట్ హౌసు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. కావలసింది పధ్నాలుగు వేల పైచిలుకు. కడుపు కట్టుకుని కూడబెట్టింది నాలుగు వేలు. గది దొరక్కపోతే ఉద్యోగమూ లేదు. బుంగోమాలో మేకులు ఎదురుచూస్తున్నాయి.

ఈ కడుపు కట్టుకోవడంలో ఆమెకు దారి చూపించింది ఆఫీసులో పక్క బల్ల అఫ్రియే. కుమాసీలో పుట్టి పెరిగిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వచ్చిన కొత్తలో ఒక శనివారం, "ఒక్కదానివీ గదిలో కూర్చుని ఏం చేస్తావే, రా" అని నెకేసాను ఒక అంత్యక్రియల సభకు లాక్కెళ్ళింది. వీధి మూసి టెంటు వేశారు. వందల కుర్చీలు, నల్లబట్టల జనం, చెవులు పగిలే సంగీతం, మైకు. నెకేసా వెనక వరసలో కూర్చుని, అందరినీ చూసి చదివింపుల బల్ల దగ్గర ఇరవై సెడీలు చదివించింది. కాసేపటికి ఆమె ఒళ్ళోకి ఒక పొట్లం వచ్చింది. ఎర్రటి అన్నం, కోడికాలు, నీళ్ళ సీసా. ఆమెలోని ఇంజినీరు వెంటనే లేచి కూర్చుంది. ఇది బజారులో కొంటే నలభై!

పాపం, మనసు ఒప్పుకోలేదు. కానీ కడుపు ఒప్పుకుంది. ఆ తరవాత ఏ శనివారమూ ఆమె వంట చెయ్యలేదు. అయితే ఒక మాట చెప్పాలి. పొట్లం కోసం వెళ్ళినా ముందు వరస పెద్దల చేతులు ఒక్కటీ వదలకుండా పట్టుకునేది, పోయినవాళ్ళ ఫొటో ముందు నిజంగానే తల వంచేది. దొంగతనానికి వెళ్ళి దీపం ఒత్తి సవరించే రకం మనిషి.

ఆ శనివారం తాఫో పేటలో అమోవా అనే పెద్దాయన అంత్యక్రియలు. "నువ్వు ముందు వెళ్ళు. నాకు ఇంకో చావు ఉంది, అది చూసుకుని వస్తా" అంది అఫ్రియే, ఇంకో పెళ్ళి ఉందన్నంత తేలిగ్గా. అఫ్రియే దగ్గర అరువు తెచ్చుకున్న నల్లచీర లాంటి గుడ్డ చుట్టుకుని నెకేసా ఒక్కతే వెళ్ళింది. వరసగా చేతులు కలిపింది. బల్ల దగ్గర ఇరవై చదివించి పేరు చెప్పింది. చదివింపులు చాటే మైకు మనిషి, మామూలుగా పేరుతో సరిపెట్టేవాడు, ఆ పూట హుషారుగా ఉండి, ఊరు కూడా అడిగాడు. ఆమె చెప్పింది. అక్కడే పడింది తొలి అడుగు.

"కెన్యా దేశం నుంచి వచ్చిన నెకేసా గారు, ఇరవై సెడీలు!"

టెంటు కింద గుసగుస మొదలైంది. పోయిన అమోవా కుర్రతనంలో ఓడలో వంటవాడిగా పనిచేశాడు. ఓడ ఒకసారి కెన్యాలోని మొంబాసా రేవులో ఆగింది. ఆ తరవాత యాభై ఏళ్ళపాటు, రెండు గ్లాసులు పడితే చాలు, "నా గుండెలో సగం మొంబాసాలో ఉండిపోయింది" అని నిట్టూర్చేవాడు. ఆ సగం గుండె ఎవరి దగ్గర ఉండిపోయిందో అని తాఫో అంతా యాభై ఏళ్ళుగా ఊహించుకుంటూనే ఉంది. ఇప్పుడు కెన్యా నుంచి ఒక ఆడపిల్ల, నల్లబట్టల్లో, ఒంటరిగా వచ్చి, పెద్దలందరి చేతులూ పట్టుకుని, ఫొటో ముందు తల వంచింది. ఇంకేం కావాలి?

ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆమెను రెక్క పట్టుకుని లేపి ముందు వరసలో కూర్చోబెట్టారు. దూరదేశపు అతిథికి మర్యాద కాబోలు అనుకుంది నెకేసా. ఇంకొకావిడ ఎర్రగుడ్డ తెచ్చి తలకు కట్టింది. ఇది ఇంకా పెద్ద మర్యాద కాబోలు అనుకుంది. ఎర్రగుడ్డ రక్తసంబంధీకులు కట్టుకుంటారని ఎవరు చెప్పాలి ఆమెకు? ముందు వరసకు వచ్చే భోజనం కూడా పొట్లం కాదు, పళ్ళెం. పక్కనే చిన్న గిన్నెలో నల్లగా నిగనిగలాడే కారం. ఎండుచేపలు, ఎండుమిరప నూనెలో మాడబెట్టి చేస్తారు. నెకేసా ఊళ్ళో మిరపకాయను దూరం నుంచి చూసి గౌరవిస్తారు. ఆమె దాన్ని కూర అనుకుని గరిటెడు కలుపుకుంది.

రెండో ముద్దకు కళ్ళు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకు చెంపల మీద ధారలు. ఉమ్మడానికి లేదు, ముందు వరస. అరవడానికి లేదు, చావిల్లు. నోరు మూసుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని, ముందుకూ వెనక్కూ ఊగిపోయింది.

"చూడండమ్మా చూడండి! తండ్రి కోసం ఎలా కుమిలిపోతోందో! గొంతు దాటి శబ్దమైనా రాటం లేదు!" అని వెనక వరసలో ఒకావిడ రాగం ఎత్తుకుంది. వెంటనే పదిమంది అందుకున్నారు. పొద్దుటినుంచీ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న అమోవా మనవలు కూడా సిగ్గుపడి కాస్త ఏడ్చారు.

అప్పుడు పరుగున వచ్చాడు అమోవా పెద్దకొడుకు అదుసెయ్. లావుపాటి మనిషి, చేతులు రెండూ చాపుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా! ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా!"

"నేను మీ చెల్లెల్ని కానండీ" అంది నెకేసా, నీళ్ళ సీసా కోసం వెతుక్కుంటూ.

"ఆ కోపం న్యాయమేనమ్మా. యాభై ఏళ్ళ కిందట మొంబాసాలో వదిలేసి ఓడెక్కి నాన్న నీకు అన్యాయం చేశాడు. నాకూ చేశాడు, సైకిలు కొనిపెడతానని కొనలేదు."

"మా నాన్న బతికే ఉన్నారు. బుంగోమాలో బడి పంతులు!"

అదుసెయ్ కళ్ళు చెమర్చాయి. "పెంచిన తండ్రిని అంత ప్రేమగా తలుచుకుంటున్నావు చూడు, అదీ మా రక్తం."

"మొంబాసా ఎక్కడ, బుంగోమా ఎక్కడ! మా ఊరినుంచి సముద్రం చూడాలంటే దేశమంతా దాటాలి. పైగా ఆయన వచ్చింది యాభై ఏళ్ళ కిందటట. నాకిప్పుడు ఇరవై తొమ్మిది!"

ఈ లెక్కను మాత్రం అదుసెయ్ వేళ్ళ మీద వేసి చూసుకున్నాడు. తరవాత ఆమె భుజం తట్టి, "దుఃఖంలో లెక్కలు తప్పుతాయి తల్లీ" అన్నాడు. అద్దె అడ్వాన్సు తప్ప జీవితంలో ఒక్క లెక్కా తప్పని నెకేసాకు ఆ మాట కారం కంటే ఎక్కువ మండింది.

ఇంతకీ అదుసెయ్ ప్రేమ ఊరికే పొంగలేదు. అక్కడి ఆచారం ప్రకారం తండ్రి పోతే శవపేటిక కొనవలసింది పిల్లలు. అదుసెయ్, అతని తమ్ముడు కలిసి గొప్పకు పోయి పన్నెండు వేల సెడీల పేటిక చేయించారు. వడ్రంగికి ఇంకా పైసా ఇవ్వలేదు. ఆ వడ్రంగి అదే టెంటు కింద నాలుగో వరసలో కూర్చుని, ఏడవకుండా, అదుసెయ్ వంకే చూస్తున్నాడు. అలాంటి సమయంలో ఆకాశం నుంచి ఒక చెల్లెలు ఊడిపడితే ఏ అన్నయ్య కాదంటాడు? అతను తిన్నగా మైకు మనిషి దగ్గరకు వెళ్ళి చెవిలో ఏదో ఊదాడు.

"కెన్యా కూతురు శవపేటికలో మూడోవంతు, నాలుగు వేల సెడీలు, భరిస్తోంది!"

చప్పట్లు, డప్పులు, కేకలు. మైకు మోత నాలుగు వీధులు దాటింది. అమోవా గుండెలో సగం దొరికిందట అని పక్క పేటలవాళ్ళు కూడా చూడడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేరు కదా, వాళ్ళూ చదివించారు. బల్ల దగ్గర వరస పెరిగింది. నాలుగు వేలు వస్తాయన్న ధీమాతో అదుసెయ్ బ్యాండువాళ్ళను సాయంత్రం దాకా ఉండమన్నాడు, ఇంకో పది పెట్టెల కూల్ డ్రింకులు తెప్పించాడు. నెకేసాను మధ్యలోకి లాగి డాన్సు చేయించారు. పాపం, రెండు నెలలు పస్తులుండి కూడబెట్టిన నాలుగు వేల చుట్టూ తానే గిరగిరా తిరిగింది.

అఫ్రియే వచ్చేసరికి స్నేహితురాలు ఎర్రగుడ్డతో, చెమటతో, ముందు వరసలో కూలబడి ఉంది. విషయం విని అఫ్రియే తల పట్టుకుంది.

"నిన్ను ఒక్క పూట వదిలితే తండ్రినే సంపాదించావు కదే! ఇంకో పూట వదిలితే మొగుణ్ణి, పిల్లల్ని కూడా పోగేసేదానివి."

"కానని చెప్పినకొద్దీ అవునంటున్నారు. పోనీ ఇది చెప్పు. పేటికలో వాటా ఉంటే, ఆస్తిలో కూడా వాటా ఉంటుందా?" అంది నెకేసా, మునిగేవాడు గడ్డిపోచను చూసినట్టు.

"ఆస్తా? మాలో తండ్రి ఆస్తి కొడుకులకే రాదు, నీకెక్కడ వస్తుంది? అది ఆయన అక్క కొడుక్కి, మేనల్లుడు ఫ్రింపాంగ్‌కి పోతుంది."

"అంటే ఖర్చు నాది, ఇల్లు ఆయనదీనా!"

"అదే మరి ఆచారమంటే."

"పారిపోతే?"

"కుమాసీలో ఎక్కడికి పోతావే? ప్రతి శనివారం ఎవరో ఒకరి చావులో అందరూ అందరికీ కనపడతారు."

ఆ రాత్రి నెకేసా నిద్రపోలేదు. వాటా ఇవ్వకపోతే ఎవరూ కోర్టుకెళ్ళరని ఆమెకు తెలుసు. కానీ తన పేరు నమ్ముకుని వాళ్ళు బ్యాండు పొడిగించారు, డ్రింకులు తెప్పించారు. ఆ ఖర్చు నిజం. తను తిన్న పళ్ళెం కూడా నిజం. ఏ పద్దు ఎవరి వాటాలోకి వస్తుందో తేల్చడం ఆమె రోజూ చేసే పనే. ఎంత తేల్చినా అది తన వాటాగానే తేలింది. తెల్లవారాక నాలుగు వేలూ కవరులో పెట్టింది. అన్నయ్యకు ఫోను చేసి స్టూలు తుడిపించమని చెప్పాలనుకుని, చెప్పలేక, ఫోను సంచిలో పడేసింది.

ఆదివారం చర్చి అయ్యాక కుటుంబమంతా తెల్లబట్టల్లో అమోవా ఇంటి వాకిట్లో కూర్చుంది. అంత్యక్రియల జమాఖర్చులు చూసుకునే రోజు అది. మధ్యలో పెద్ద కుర్చీలో అమోవా అక్క కొనాదు. ఎనభై దాటిన ముసలావిడ, నిన్నంతా ఒక్క మాట మాట్లాడకుండా అన్నీ చూసిన మనిషి. పక్కన ఆమె కొడుకు, వారసుడు ఫ్రింపాంగ్. వెనక గోడకు ఆనుకుని అదుసెయ్, అతని వెనక వడ్రంగి.

నెకేసా కవరు బల్ల మీద పెట్టి నిలబడింది.

"అమ్మా, నేను మీ తమ్ముడి కూతుర్ని కాను. నిన్న ఏడ్చింది దుఃఖంతో కాదు, కారంతో. నేను ప్రతి శనివారం ఎవరో తెలియనివాళ్ళ చావులకు అన్నం కోసం వెళుతున్నాను. గదికి అడ్వాన్సు కూడబెట్టుకోవాలని. నన్ను నమ్మి మీరు ఖర్చు పెట్టుకున్నారు. ఆ డబ్బు ఇందులో ఉంది. తీసుకోండి. తీసుకుని, నేను కూతుర్ని కానని మాత్రం ఒప్పుకోండి."

అదుసెయ్ చెయ్యి తనంతట తనే కవరు వైపు జరిగింది. కొనాదు కర్రతో ఆ చేతి మీద ఒకటి వేసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. బోసినోటి నవ్వు, భుజాలు కదిలిపోయే నవ్వు.

"కూతురివి కావని నిన్నే తెలుసే పిచ్చిపిల్లా. వాడు మొంబాసాలో ఓడ దిగితే కదా! వాంతులు పట్టుకుని రేవులో ఉన్నన్నాళ్ళూ బకెట్టు కావలించుకుని పడుకున్నాడు. నాకొక్కదానికే చెప్పి ఏడ్చాడు, ఎవరికీ చెప్పకే అక్కా అని."

"మరి నిన్న ఒక్క మాట అనలేదేంటమ్మా?" అన్నాడు ఫ్రింపాంగ్.

"ఏమనమంటావురా? వాడు బతికినన్నాళ్ళూ ఒకే ఒక్క గొప్ప చెప్పుకున్నాడు. దాన్ని ఎవడూ పూర్తిగా నమ్మలేదు. ఆఖరి రోజున ఆ గొప్ప తనంతట తాను నడిచొచ్చి, ముందు వరసలో కూర్చుని, బొటబొటా ఏడ్చింది. నా తమ్ముడి మొహాన అంత అదృష్టం నేనెప్పుడూ చూళ్ళేదు. దాన్ని నా నోటితో చెడగొట్టనా?" ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. "పైగా వీళ్ళందరిలో నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే. అన్నం కోసమే రానీ. ఇంతమందిమి పొద్దుటినుంచి వంట చేయించింది ఎందుకు, చూసి మురవడానికా?"

నెకేసాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఈసారి కారం లేదు.

ఫ్రింపాంగ్ గొంతు సవరించుకుని లెక్క చదివాడు. కెన్యా కూతుర్ని చూడడానికి వచ్చినవాళ్ళు చదివించిన డబ్బుతో పేటిక, బ్యాండు, డ్రింకులు అన్నీ పోను ఇంకా మిగిలింది. వడ్రంగి అప్పటికప్పుడు పైకం పుచ్చుకుని, మొదటిసారిగా పోయిన మనిషి ఫొటోకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కొనాదు కవరును కర్రతో నెకేసా వైపు నెట్టింది.

"ఇది నువ్వుంచుకో. ఇంకో చిక్కుంది. నువ్వు కూతురివని మైకులో చెప్పేశాం. నాలుగు పేటలు విన్నాయి. కాదని చెప్పాలంటే మళ్ళీ టెంటు వెయ్యాలి, మళ్ళీ మైకు పెట్టాలి, మళ్ళీ అందరికీ అన్నం పెట్టాలి. ఎంతవుతుందే, నువ్వు లెక్కలమనిషివట?"

నెకేసా కన్నీళ్ళ మధ్యే క్షణంలో లెక్క వేసింది. "పదిహేను వేలకు తగ్గదమ్మా."

"అంత డబ్బు మా దగ్గర లేదు. నువ్వు కూతురుగా ఉండిపోవడమే చవక. కూతురికి ఆస్తి రాదు కానీ, బుద్ధిగా ఉన్నన్నాళ్ళు తండ్రి ఇంట్లో ఉండే హక్కు ఉంది మాలో. వాడి ముందుగది ఖాళీగా ఉంది. ఏరా ఫ్రింపాంగ్?"

ఇప్పుడు ఆ ఇల్లు ఫ్రింపాంగ్‌ది. అతను తల గోక్కున్నాడు. "ఉండనీ అమ్మా. కాకపోతే అద్దె, రెండేళ్ళ అడ్వాన్సు..."

"సొంత మామయ్య కూతురి దగ్గర అడ్వాన్సు తీసుకుంటావురా? వీధిలో తలెత్తుకు తిరుగుదామనే?"

"నెలనెలా ఇస్తాను. ఆరు వందలు, ఒకటో తారీకున" అంది నెకేసా చటుక్కున. ఊరికే ఉండడం ఆమె వల్ల కాదు. ఫ్రింపాంగ్‌కు అది నచ్చింది. కొనాదుకు ఇంకా నచ్చింది.

"నాదో షరతు. శనివారాలు నాతో రావాలి. దొంగచాటుగా వెనక వరసలో కాదు, నా పక్కన. నా కళ్ళు మసకలు, చదివింపుల బల్ల దగ్గర నువ్వు కూర్చుని లెక్క చూడాలి."

"అలాగే..." అంచనాలో లేని మాట, నెకేసా నోట్లోంచి తనంతట తానే వచ్చింది. "అలాగే, అత్తా."

నెలాఖరున ఒక సంచి, ఒక కిరసనాయిలు స్టవ్వు, అరగని చీపురుతో ఆమె ముందుగదిలోకి మారింది. గోడ మీద ఓడ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని అలాగే ఉంచింది. అన్నయ్య ఫోను చేసి, "ఏమే, ఎప్పుడొస్తున్నావు? స్టూలు ఖాళీగానే ఉంది" అన్నాడు వెటకారంగా.

"రాలేను అన్నయ్యా. ఇక్కడ మేనత్త ఒప్పుకోదు" అంది.

ఆ సాయంత్రం కొత్త నెల అంచనా వేసుకుంటుంటే తలుపు దగ్గర అదుసెయ్ నవ్వుతూ నిలబడ్డాడు, "చెల్లెమ్మా, ఒక యాభై సర్దుతావా?" అంటూ.

అతను వెళ్ళాక నెకేసా ఊహించని ఖర్చుల వరసలో ఉన్న మలేరియా మాత్రల పద్దు కొట్టేసి, ఆ చోట "అన్నయ్య, నెలకు యాభై, తిరిగి రాదు" అని రాసుకుంది.